అరటిపండు, ఐస్‌క్రీము: ఇంటనే చేసికొను చల్లని విందు
(పాలంపేటలో మహిళల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పాలంపేటకు అతిథులు క్రొత్త కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇచ్చట రుద్రేశ్వరాలయమును నిర్మింపజేసినాడు. ఆ ఆలయమునే లోకము రామప్ప గుడి యని పిలుచుచున్నది. 2021 జూలైలో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చినది. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2019లో ములుగు జిల్లాలో చేరిన ఈ గ్రామమునకు నేడు దూరదేశములవారు కూడ వచ్చుచున్నారు. వారితోపాటు సెలవు దినములలో మన బంధువులు, పట్టణములలో పెరుగుచున్న మన మనుమలు, మనుమరాండ్రు వచ్చుచున్నారు. గుడి చూచి, చెరువు కట్టపై నడచి, ఎండలో అలసి ఇల్లు చేరిన పిల్లలు మొదట అడుగునది చల్లని పదార్థమునే.

వారిలో కొందరు 'బనానా స్ప్లిట్' అను పేరు కూడ చెప్పుదురు. పండిన అరటిపండును నిలువుగ రెండుగ చీల్చి, ఆ రెండు బద్దల నడుమ ఐస్‌క్రీము ముద్దలనుంచి, పైన పండ్ల పాకము, చిలికిన మీగడ, పప్పులు చల్లి యిచ్చు పదార్థమది. పెద్ద హోటళ్ళలో పొడవైన గాజు గిన్నెలలో పెట్టి ఇచ్చుదురు. దానిని మన ఇండ్లలోనే ఎట్లు చేసికొనవచ్చునో చెప్పుటకు మేము నేడు వచ్చితిమి.

ఇచ్చటికి వచ్చునపుడు త్రోవలో ఒక అవ్వ మమ్ము ఆపి, సంగతి తెలిసికొని, "గిదంత మన ఇంట్ల అయితదా బిడ్డా? గా మిషిన్లు మనకాడ యేడున్నయి?" అని అడిగినది. "అయితదవ్వా, మిషిన్లు అక్కర లేదు" అంటిమి. ఆమె నమ్మినట్లు లేదు. ఈ ప్రసంగమంతయు ఆ అవ్వకు మేము చెప్పదలచిన సమాధానమే.

వంటలోనికి పోవుటకు ముందు ఒక చేదు అనుభవము చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా బంధువుల ఇంట ఒక శుభకార్యము జరిగినది. నడివేసవి. పిల్లలకు పండ్లరసము ఇచ్చినచో బాగుండునని తలచితిమి. పండ్లు మంచివి, చక్కెర మంచిది, నీరు కాచి చల్లార్చినది. రసము చల్లబడుటకు ఒక పెద్ద మంచుగడ్డను తెప్పించి, గోనెపట్టపై పగులగొట్టి, ముక్కలను అందులో వేసితిమి. మరునాటికి ఆ ఇంటి పిల్లలలో నలుగురికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవి. ఐదేండ్ల పిల్లవానికి ఆసుపత్రిలో సెలైను ఎక్కించవలసి వచ్చినది. పిల్లలందరు కోలుకొనిరి. కాని ఆ మంచుగడ్డను తెప్పించినవారము మేమే యను మాట నేటికిని మనస్సును వదలలేదు. చేపలను, పాలక్యానులను చల్లబరచుటకు చేసిన మంచును పిల్లల నోటికి అందించితిమి. అందుచేత చల్లని పదార్థమును గూర్చి మాట్లాడునపుడెల్ల రుచికి ముందు శుభ్రతను చెప్పుట మాకు అలవాటైనది.

దీని పుట్టుక

ఈ వంటకము అమెరికాలో పుట్టినది. పెన్సిల్వేనియా రాష్ట్రములో లాట్రోబ్ అను చిన్న పట్టణమున 1904లో డేవిడ్ స్ట్రిక్లర్ అను యువకుడు ఒక మందుల దుకాణములో పనిచేయుచుండెను. ఆ కాలమున అచ్చటి మందుల దుకాణములలో సోడా, ఐస్‌క్రీము కూడ అమ్మెడివారు. ఆ బల్లవద్ద నిలిచి అతడు మొదట దీనిని చేసెనని చెప్పుదురు. ఒహాయో రాష్ట్రములోని విల్మింగ్టన్ పట్టణమువారు 1907లో తమ ఊరనే ఇది పుట్టినదని వాదింతురు. వనిలా, చాకొలేటు, స్ట్రాబెరీ ఐస్‌క్రీములు ఒక్కొక్క ముద్ద. పైన అనాస, చాకొలేటు, స్ట్రాబెరీ పాకములు. ఆపైన చిలికిన మీగడ, పప్పులు, చివర ఒక ఎర్రని చెర్రీపండు. ఇదియే వారి సంప్రదాయము.

ఒక్క విషయము గమనింపుడు. అమెరికావారికి అరటిపండు ఓడలలో దూరమునుండి వచ్చిన క్రొత్త పండు. మనకో, అది తాంబూలములో ఉండును, నైవేద్యములో ఉండును, పెండ్లి పందిరి గుంజకు గెలతో సహా నిలుచును. ప్రపంచములో అరటిని అన్ని దేశములకంటె ఎక్కువగ పండించునది మన భారతదేశమే. పాలు మన కొట్టములోనివి. బెల్లము, పల్లీలు మన అంగడిలోనివి. కనుక ఈ వంటకము పేరు పరదేశమునకు చెందినదైనను, దానికి కావలసిన వస్తువులు మనకు పరాయివి కావు. మనము జాగ్రత్తగ చూచుకొనవలసినవి మూడు: పండు, పాలు, మంచు.

పండు

ఈ విందుకు పొడవైన, గట్టిదనము కొంత మిగిలిన పండు కావలెను. నేడు అంగళ్ళలో ఎక్కువగ దొరకు గ్రాండ్ నైన్ రకము పొడవుగ ఉండును, చీల్చుటకు అనుకూలము. చక్కెరకేళి, అమృతపాణి పొట్టివైనను మిక్కిలి తీపి. ఒక్కొక్కరికి రెండేసి పండ్లు తీసికొనిన సరిపోవును. బొంత అరటి కూరకే గాని దీనికి పనికిరాదు.

అరటికాయలో ఉన్న పిండిపదార్థము మాగునపుడు చక్కెరగ మారును. తొక్క పసుపుపచ్చనై, అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు పడిన పండు మంచి తీపి గలది. చుక్కలున్నవని అట్టి పండును పారవేయుట తెలివి కాదు. తొక్క అంతయు నల్లబడి, లోపల నీరు కారుచున్నదానిని మాత్రము విడిచిపెట్టవలెను.

కొందరు వర్తకులు కాయలను త్వరగ రంగెక్కించుటకు కాల్షియం కార్బైడు అను రసాయనమును వాడుదురు. తేమ తగిలినపుడు దానినుండి ఎసిటిలీన్ అను వాయువు వచ్చును. కర్మాగారములలో వాడు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరము వంటి హానికర పదార్థములు కలిసియుండును. ఇట్లు మాగవేసిన పండ్లను అమ్మరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు శాసించుచున్నవి. తొక్క అంతయు ఒకే పసుపుతో మెరయుచు, తొడిమ మాత్రము పచ్చగనే యుండి, లోపల గట్టిగ, చప్పగ ఉన్న పండును అనుమానింపుడు. అయినను కంటిచూపుతో నిశ్చయించుట కష్టమే. అన్నిటికంటె మంచి ఉపాయము మన అవ్వలకు తెలిసినదే. ముదిరిన పచ్చికాయల అత్తము ఒకటి తెచ్చి, గంపలో వరిగడ్డి పరచి, నడుమ కాయలు పెట్టి, పైన మరల గడ్డి కప్పవలెను. మాగిన పండు ఒకటి రెండు వాటితోనుంచినచో, ఆ పండునుండి వెలువడు ఎథిలీన్ అను సహజ వాయువు తక్కిన కాయలను కూడ మాగించును. ఎండ తీవ్రతనుబట్టి రెండు మొదలు నాలుగు దినములు పట్టును. ఫ్రిజ్జులో పచ్చికాయలు పెట్టరాదు; చలికి తొక్క నల్లబడును, కాయ సరిగ మాగదు.

పండును వడ్డించు సమయమునకే చీల్చవలెను. కోసిన అరటిపండు గాలి తగిలి నల్లబడును. కొంచెము ముందుగ కోయవలసి వచ్చినచో, కోసిన భాగముపై నాలుగు చుక్కలు నిమ్మరసము రాయుడు, రంగు నిలుచును. తొక్క తీయుటకు ముందే పండును మంచినీటితో కడుగవలెను. పైనున్న దుమ్ము, మందు కత్తి వెంట లోనికి పోవును గదా.

పాలు

ఆరుగురికి సరిపడు కొలత చెప్పుచున్నాము. చిక్కని బర్రెపాలు ఒక లీటరు, చక్కెర 150 గ్రాములు, బజారులో కార్న్‌ఫ్లోరు అని అమ్ము మెత్తని తెల్లపిండి ఒక పెద్ద చెంచాడు, యాలకులు నాలుగు, చిటికెడు ఉప్పు. చక్కెర ఎక్కువైనదని సందేహింపకుడు. చల్లని పదార్థమున నాలుకకు తీపి తక్కువగ తోచును. పాయసమునకు సరిపోవు తీపి ఐస్‌క్రీమునకు చాలదు.

పాలను అడుగు మందముగల గిన్నెలో పోసి పొంగు వచ్చువరకు కాచి, పిదప మంట తగ్గించి, అడుగంటకుండ కలుపుచు, మూడవ వంతు ఇగురువరకు మరిగింపుడు. పావుగ్లాసు చల్లని పాలలో పిండిని ఉండలు లేకుండ కలిపి, మరుగుచున్న పాలలో సన్నని ధారగ పోయుచు గరిటె ఆపక త్రిప్పుడు. ఐదు నిమిషములలో పాలు చిక్కబడి గరిటె వెనుకభాగమునకు అంటుకొనును. అపుడు చక్కెర, ఉప్పు, యాలకులపొడి వేసి దింపవలెను.

పాలను ఇంత మరిగించుట ఎందుకు? పాలలో నీరు ఎక్కువ. ఆ నీరు గడ్డకట్టునపుడు పెద్ద పెద్ద పలుకులగును, నోటికి గరగరలాడును. మరిగించుటవలన నీరు తగ్గును. మిగిలిన నీటిని పిండి పట్టియుంచును. యంత్రము చేయు పనిలో సగము ఈ ఓపికయే చేయును.

దింపిన పాలను పొయ్యిమీదనే విడిచి ఇతర పనులకు పోరాదు. గోరువెచ్చని పాలలో క్రిములు వేగముగ పెరుగును. గిన్నెను వెడల్పు పళ్ళెములో చల్లని నీటి నడుమనుంచి, ఆ నీటిని రెండు మూడు మారులు మార్చుచు త్వరగ చల్లార్చి, మూతపెట్టవలెను.

మంచు

ఇంట ఫ్రిజ్జు ఉన్నవారికి పని సులభము. చల్లారిన పాలను మూతగల స్టీలు డబ్బాలో మూడింట రెండు వంతులు పోసి, మంచు గడ్డకట్టు అరలో పెట్టుడు. గంటన్నర తరువాత అంచులు గడ్డకట్టి నడుమ పలుచగ ఉండును. అపుడు బయటికి తీసి కవ్వముతోగాని గరిటెతోగాని బాగుగ చిలికి మరల లోనుంచవలెను. ఇట్లు మూడు మారులు చేసి, పిదప ఆరు గంటలు కదపక ఉంచవలెను.

ఈ చిలుకుటలోని రహస్యము పాలంపేటవారికి మేము చెప్పనక్కరలేదు. రామప్ప గుడి శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికయైనవి. వాటిలో లెక్కలేనన్ని సన్నని రంధ్రములుండుటయే దానికి కారణము. మంచి ఐస్‌క్రీము కూడ అట్టిదే. చిలికినపుడు చిక్కిన గాలి సన్నని బుడగలై లోపల నిలిచినందుననే అది మెత్తగ, తేలికగ ఉండును. చిలుకక గడ్డకట్టించినచో రాయివంటి పాలగడ్డ మిగులును.

ఫ్రిజ్జు లేనివారు నిరాశపడనక్కరలేదు. ఫ్రిజ్జులు పుట్టకముందే లోకములో ఐస్‌క్రీము ఉన్నది. రెండు లీటర్లు పట్టు గట్టి మూత డబ్బా ఒకటి, దానిచుట్టు నాలుగువ్రేళ్ళ ఎడము మిగులు బకెట్టు ఒకటి కావలెను. నాలుగు కిలోల మంచును చిన్న ముక్కలుగ కొట్టి, ఒక కిలో దొడ్డు ఉప్పుతో పొరలు పొరలుగ డబ్బా చుట్టు నింపుడు. మంచుమీద గోనెసంచి కప్పి, డబ్బాను చేతితో కుడికి, ఎడమకు త్రిప్పుచుండవలెను. పది నిమిషములకొకమారు మూతను శుభ్రముగ తుడిచి తెరచి, గోడలకు అంటిన గడ్డను చెక్కతెడ్డుతో గీకి నడుమకు కలుపవలెను. సుమారు నలువది నిమిషములకు పాలు మెత్తని ముద్దగ మారును. అపుడు క్రొత్త మంచు, ఉప్పు వేసి గంటసేపు కదపక ఉంచినచో గట్టిపడును.

ఉప్పు ఎందుకని ఒక అమ్మాయి మమ్ము ఇంతకుముందే అడిగినది. మంచు కరగుటకు వేడి కావలెను. ఉప్పు తగిలిన మంచు తొందరగ కరగుచు, ఆ వేడిని డబ్బాలోని పాలనుండి లాగికొనును. కరగుచున్న వట్టి మంచు సున్న డిగ్రీలవద్దనే నిలుచును. చక్కెర కలిసిన పాలు గడ్డకట్టుటకు ఆ చలి చాలదు. ఉప్పు కలిసినచో సున్నకు దిగువ పది, పదునైదు డిగ్రీల వరకు చలి పెరుగును. ఈ చలికి వట్టి చేతులు తగిలినచో చర్మము బొబ్బలెక్కును. బట్ట చుట్టుకొని పనిచేయవలెను. పని ముగిసిన పిదప ఉప్పునీటిని చెట్ల మొదళ్ళలో పోయకుడు.

ఈ పద్ధతిలో అంగడి మంచును వాడవచ్చును. ఏలయన అది డబ్బాకు వెలుపలనే యుండును, నోటిలోనికి పోదు. కాని మూత గట్టిగ ఉండవలెను. మేము మొదటిమారు చేసినపుడు మూత వదులుగ ఉన్నదని గమనింపలేదు. అరగంట చెమటోడ్చి తెరచి చూతుము గదా, ఉప్పునీరు లోనికి చేరి పాలన్నియు ఉప్పుకషాయమైనవి. మోదుగాకు దొప్పలు చేతబట్టుకొని కూర్చున్న పిల్లల ముఖములు చూచుటకు మాకు సిగ్గైనది. ఆనాటినుండి పాలు పోయుటకు ముందు డబ్బాలో నీరు పోసి, మూతపెట్టి, తలక్రిందులు చేసి చూచుట నియమముగ పెట్టుకొంటిమి. మీరును అట్లే చేయుడు.

పైన వేయునవి

మీగడను చల్లగ చేసి, రెండు చెంచాల చక్కెర వేసి, చిన్న కవ్వముతో చిలుకుడు. అంగడి క్రీమువలె అది పొంగదు. చిక్కనై నిలిచిన చాలును. ఎక్కువ చిలికినచో వెన్న వచ్చును. వచ్చినను నష్టము లేదు; వెన్న తీసికొని, మరి కొంచెము మీగడతో మరల మొదలుపెట్టుడు.

స్ట్రాబెరీలు మనకు దొరకవని చింతింపనేల? తొలకరిలో నేరేడుపండ్లున్నవి. గింజలు తీసి, గుజ్జులో సగమెత్తు చక్కెర వేసి ఉడికించినచో పులుపు, తీపి కలిసిన చక్కని ఊదారంగు పాకము వచ్చును. వేసవిలో మామిడిగుజ్జు అనాసపండుకు బదులు నిలుచును. చాకొలేటుకు బదులు బెల్లపు పాకము: 100 గ్రాముల బెల్లమును అరగ్లాసు నీటిలో కరిగించి, వడకట్టి, తేనెవలె సాగువరకు కాచి, ఒక చెంచాడు నెయ్యి వేయుడు. అడవి తేనె దొరకినచో అదియు మంచిదే. అక్రోటు పప్పులకు బదులు వేయించి పొట్టుతీసి బరకగ దంచిన పల్లీలు, నువ్వులు. చెర్రీపండుకు బదులు నాలుగు దానిమ్మ గింజలు.

పేర్చు విధము

ఐస్‌క్రీమును వడ్డించుటకు ఐదు నిమిషములు ముందుగ బయట పెట్టుడు. పళ్ళెములను చల్లని నీటిలోనుంచి తుడిచి సిద్ధము చేసికొనుడు. పాకములు పూర్తిగ చల్లారియుండవలెను. వెచ్చని పాకము పడినచో అంతయు నీరగును. పండును ఒలిచి నిలువుగ రెండుగ చీల్చి, బద్దలను పడవ అంచులవలె ఎదురెదురుగ పెట్టి, నడుమ ఐస్‌క్రీము ముద్దలనుంచుడు. ఒకదానిపై మామిడి, ఒకదానిపై నేరేడు, ఒకదానిపై బెల్లపు పాకము పోయుడు. ఆపైన మీగడ, పల్లీలు, దానిమ్మ గింజలు. గాజు గిన్నె లేనిచో కడిగిన అరటియాకు ముక్కను దోనెవలె మడిచి పుల్లతో గ్రుచ్చుడు. పరదేశపు గాజు పడవకంటె అది అందముగనే యుండును.

పిల్లలకు ఒక ముద్ద, ఒక బద్ద చాలును. ఇది పండుగనాటి తీపి యేగాని దినదినము పెట్టు ఆహారము కాదు. మధుమేహమున్న పెద్దలకు పాకములు, చక్కెర లేకుండ కొద్దిపాటి పండు, పల్లీలు ఇచ్చి కూర్చుండబెట్టుకొనుడు. విందులో వారిని ఒంటరిగ విడువకుడు. ఏడాది నిండని శిశువులకు తేనె నాకింపరాదు. చిన్నపిల్లలకు పల్లీ పలుకులు గొంతున అడ్డుపడు ప్రమాదమున్నది. మెత్తగ పొడిచేసి వేయుడు. పల్లీలు పడనివారున్నారేమో ముందుగ అడిగి తెలిసికొనుట మంచిది.

నిలువచేయునపుడు

చలి క్రిములను చంపదు, నిద్రపుచ్చును. ఈ ఒక్క మాట గుర్తుంచుకొనిన చాలును. కరిగిన ఐస్‌క్రీము మరల గడ్డకట్టినంత మాత్రమున శుభ్రమైనది కాదు. కరిగి నిలువయున్నపుడు పెరిగిన క్రిములు అందులోనే యుండును. కనుక కరిగి వెచ్చబడినదానిని మరల ఫ్రిజ్జులో పెట్టక పారవేయవలెను.

మనము ఊరికి పోయినపుడు కరెంటు పోయి వచ్చినదా లేదా యని తెలిసికొనుటకు ఒక చిన్న ఉపాయము కలదు. చిన్న గ్లాసులో నీరు గడ్డకట్టించి, దానిపై ఒక రూపాయి నాణెమునుంచి, ఐస్‌క్రీము డబ్బా ప్రక్కన పెట్టి పోవుడు. తిరిగి వచ్చినపుడు నాణెము పైననే యున్నచో భయము లేదు. నాణెము అడుగునకు చేరి గడ్డకట్టియున్నచో, మీరు లేనపుడు మంచు కరిగి మరల గట్టిపడినదని అర్థము. అపుడు ఆ ఐస్‌క్రీమును ఎవరికిని పెట్టరాదు.

ఇచ్చట స్వయం సహాయక సంఘముల సోదరీమణులు అనేకులున్నారు. గుడికి వచ్చు యాత్రికులకు దీనిని చేసి అమ్మవచ్చునా యని మీలో కొందరు మమ్ము అడిగిరి. నిశ్చయముగ అమ్మవచ్చును. కాని ఇంటిలో పెట్టుట వేరు, అమ్ముట వేరు. 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము చిన్న వ్యాపారులు కూడ ముందుగ నమోదు చేయించుకొనవలెను. మొదట ఐస్‌క్రీము జోలికి పోక, కాచి చల్లార్చిన పాలు, అప్పుడే కోసిన పండు, బెల్లపు పాకముతో పండ్లగిన్నె అమ్మి చూచుడు. చలిని తెంపులేకుండ కాపాడు ఏర్పాటు కుదిరిన పిదప ఐస్‌క్రీము చేర్చుడు. ఒక్క పిల్లవానికి జబ్బు చేసినచో, సంఘము పది సంవత్సరములలో సంపాదించిన పేరు ఒక్క దినమున పోవును. మీ గ్రామము పేరు నేడు ప్రపంచమునకు తెలిసినది; ఆ పేరులో మీ చేతివంట కూడ ఒక భాగమగును.

అమ్మలారా! ఈ వంటకమునకు ఖరీదైన యంత్రము అక్కరలేదని చెప్పితిమి. కావలసినది ఓపికతో మరిగించిన పాలు, గడ్డిలో మాగిన పండు, నోటికి తగులని మంచు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి అనుమానముగ తోచినను, ఆ దినము ఐస్‌క్రీము మాని, పిల్లలకు ఉత్త అరటిపండు ఒలిచి బెల్లముతో పెట్టుడు. వారు కొంచెము అలుగుదురు. మరునాడు ఆరోగ్యముగ లేచి మరల అడుగుదురు. అంతకంటె మనకు కావలసినదేమున్నది?

త్రోవలో కలిసిన అవ్వ ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్నది. పాలు మరిగియున్నవి, మూత సరిచూచితిమి, మంచు సిద్ధముగ ఉన్నది. డబ్బాను మొదట త్రిప్పుటకు ఆమెనే పిలుచుచున్నాము. మీరందరును లేచి చుట్టు చేరుడు.